అనాథ బాలల అక్షరదాత – రెవరెండ్ ఆమోస్ సట్టన్

తల్లిదండ్రులున్న బిడ్డ బడికి పోవడం సహజంగా జరిగిపోయే విషయం. వారు లేని బిడ్డ బడికి పోవాలంటే ఎవరో ఒకరు పూనుకోవాలి. పలక కొనిపెట్టేవారు, పూటకింత అన్నం పెట్టేవారు, జ్వరం వచ్చిన రాత్రి ప్రక్కన కూర్చునేవారు ఉన్నప్పుడే ఆ బిడ్డకు అక్షరం దక్కుతుంది. కనుక అనాథ బాలల విద్యను గూర్చి ఆలోచించే వారెవరైనా ఉపాధ్యాయునితో పాటు పోషకుని గూర్చి కూడా ఆలోచించక తప్పదు. గంజాం, కటకం ప్రాంతాలలో ఈ ఆలోచనను ఆచరణలో పెట్టిన తొలి తరంవారిలో అగ్రగణ్యుడు రెవరెండ్ ఆమోస్ సట్టన్. ఒడియా నిఘంటుకర్తగా, బైబిలు అనువాదకునిగా ఆయన పేరు ఒడిశాలో సుప్రసిద్ధం. ఆయన జీవితంలో అంతకన్న తక్కువగా చెప్పుకొనే భాగం అనాథ శరణాలయం. తెలుగువారితో ఆయనకున్న సంబంధం మరింత తక్కువగా చెప్పుకొనే భాగం.

జననము – ఆగమనము

సట్టన్ 1802వ సంవత్సరంలో ఇంగ్లండు దేశంలోని కెంట్ మండలంలో సెవెనోక్స్ అనే ఊరిలో జన్మించారు. ఆనాటి ఇంగ్లండులో జనరల్ బాప్తిస్టులనే చిన్న క్రైస్తవ శాఖవారు 1816లో ఒక మిషన్ సంఘాన్ని స్థాపించుకొన్నారు. ఆ సంఘం పంపిన మొదటి ఇరువురు, విలియం బాంప్టన్, జేమ్స్ పెగ్స్, 1822లో కటకం చేరారు. ఆ మరుసటి ఏడు చార్లెస్ లేసీ వచ్చి వారిని కలిశారు. ఒరిస్సా ఈస్టిండియా కంపెనీ వశమై అప్పటికి ఇరువది యేండ్లు కూడా నిండలేదు. పెద్దగా ధనబలం లేని ఆ సంఘం తరఫున 1825 తొలి మాసాలలో సట్టన్ తన భార్య షార్లెట్‌తో కటకం చేరారు. అప్పటికి ఆయన వయస్సు ఇరువది మూడేండ్లు.

క్రొత్త దేశం ఆయనను దుఃఖంతో ఆహ్వానించింది. అదే సంవత్సరం మే నెలలో పూరీలో షార్లెట్ మరణించింది. వచ్చిన కొద్ది మాసాలకే జీవిత సహచరిని పోగొట్టుకొన్న ఆ యువకుడు తిరిగి ఓడ ఎక్కి స్వదేశం పోయినా తప్పు పట్టేవారు లేరు. ఆయన పోలేదు. ఒడియా భాష నేర్చుకొనడంలో మునిగిపోయారు.

1826లో ఆయన ఎలిజబెత్ కోల్మన్‌ను వివాహమాడారు. ఆమె అమెరికా వాసి. బర్మా సరిహద్దుల్లో పనిచేస్తూ 1822లో మరణించిన జేమ్స్ కోల్మన్ అనే మిషనరీ భార్య. వైధవ్యం ప్రాప్తించిన తరువాత కూడా ఈ దేశాన్ని విడువక కలకత్తాలో బాలికల విద్యకై పాటుపడిన విదుషీమణి. భార్యను పోగొట్టుకొన్న ఒకరు, భర్తను పోగొట్టుకొన్న ఒకరు కలిసి కట్టుకొన్న ఆ ఇల్లే తరువాతి కాలంలో ఎందరో అనాథలకు నీడనిచ్చింది. బాలికల పోషణ, శిక్షణ ఎలిజబెత్ చేతుల మీదుగా సాగాయి. సట్టన్ జీవితాన్ని చెప్పేటప్పుడు ఆమె పేరు విడిచిపెట్టడం న్యాయం కాదు.

పూరీ బాట

ఆ కాలంలో జగన్నాథుని దర్శనానికి దేశం నలుమూలల నుండి యాత్రికులు కాలినడకన వచ్చేవారు. దక్షిణాది యాత్రికులు, వారిలో తెలుగువారు, గంజాం మీదుగా చిల్క సరస్సు అంచున సాగే బాటను పట్టి పూరీ చేరేవారు. నేడు ఛత్రపురం, గంజాం దాటిన తరువాత, రంభ స్టేషనుకు ముందు, రైలు కిటికీలో నుండి ఉప్పుమళ్లు కనబడే హుమ్మ ప్రాంతం ఆ దక్షిణపు దారిలోనిదే. రథయాత్ర సమయంలో వర్షాలు, కిక్కిరిసిన జనం, చెడిన నీరు కలిసి కలరాకు తావిచ్చేవి. ఇంటికి తిరిగి చేరని యాత్రికులు వేలమంది. తల్లిదండ్రులు దారిలో కన్నుమూయగా ఎవరి బిడ్డలో, ఏ ఊరివారో తెలియక మిగిలిపోయిన పసివారు ఎందరో. ఆనాడు అటువంటి బిడ్డ కోసం నియమితమైన శాఖ లేదు, చట్టం లేదు. దయగల ఇల్లు దొరికితే బ్రతుకు, లేకుంటే లేదు.

సట్టన్ తొలి అనుభవాలు ఈ బాట మీదివే. ఒక్కొక్కరుగా చేరిన పిల్లలను చేరదీయడం వలన అనాథ శరణాలయమనే తలంపు ఆయనలో నాటుకొన్నది. అయితే ఆ శరణాలయం పెద్ద సంస్థగా రూపొందడానికి కారణమైన సంఘటన పూరీ బాట మీద గాక గంజాం కొండలలో జరిగింది.

వెల కట్టిన పసిప్రాణాలు

1835లో ఘుమ్సర్ సంస్థానంలో కంపెనీ ప్రభుత్వానికీ రాజుకూ బకాయిల విషయమై తగవు ముదిరి యుద్ధంగా మారింది. 1837 వరకు సాగిన ఆ యుద్ధంలో సేనలు ఖోండుల కొండసీమల లోనికి ప్రవేశించాయి. అక్కడ భూదేవికి నరబలి ఇచ్చే ఆచారం ఉన్నదని అధికారులు వ్రాసి పంపారు. బలికై ఉద్దేశించబడిన వ్యక్తిని మెరియా అనేవారు. మెరియాను వెల ఇచ్చి కొనితీరాలి, లేదా మెరియాకు పుట్టిన బిడ్డయై ఉండాలి. వెల చెల్లించని ప్రాణం బలికి చెల్లదని నమ్మకం. అందుచేత మైదాన గ్రామాల నుండి బిడ్డలను అపహరించియో, కరువులో ఉన్న తల్లిదండ్రుల నుండి కొనియో కొండలకు చేర్చే మధ్యవర్తులు ఏర్పడ్డారు. కొన్నవారు ఆ బిడ్డను ఏండ్ల తరబడి ఆదరంగానే పెంచేవారు. ఆ ఆదరం చివరకు ఎందుకో తెలిసిన వయస్సు వచ్చిన తరువాత ఆ బిడ్డ మనఃస్థితి ఊహించడం కష్టం.

కెప్టెన్ జాన్ క్యాంప్‌బెల్, శామ్యూల్ చార్టర్స్ మెక్‌ఫర్సన్ మొదలైన అధికారులు ఈ ఆచారాన్ని మాన్పించే పనిలో నియమితులయ్యారు. 1845లో ఇందుకై ప్రత్యేకంగా మెరియా ఏజెన్సీ ఏర్పడి 1861 వరకు కొనసాగింది. 1837 నుండి 1854 వరకు 1,506 మంది మెరియాలు విడిపించబడినట్లు ప్రభుత్వ లెక్క.

ఈ చరిత్రకు రెండవ ముఖం కూడా కలదు. ఘుమ్సర్ యుద్ధంలో ఖోండు గ్రామాలు తగులబడ్డాయి. దొరా బిసోయి వంటి నాయకులు ఎదురు తిరిగి బందీలయ్యారు. కొండసీమలను వశపరచుకొనడానికి నరబలి నిర్మూలన అనే మాట ప్రభుత్వానికి అనుకూలమైన సాకుగా కూడా ఉపయోగపడిందని తరువాతి చరిత్రకారులు చూపించారు. బలి తప్పిన పసివారి ప్రాణం ఎంత నిజమో, కాలిన గుడిసెల బూడిద కూడా అంతే నిజం. ఈ రెంటినీ ఒకే చరిత్రగా చదువుకోవాలి.

విడిపించిన వారిని ఏమి చేయాలి? ఇది అధికారులకు పెద్ద చిక్కయింది. తల్లిదండ్రుల జాడ తెలిసిన వారిని ఇండ్లకు పంపారు. పెద్దవారికి కొందరికి సాగుభూమి చూపి స్థిరపరచారు. కొందరిని మైదానాలలోని గృహస్థులకు అప్పగించారు. ఏ ఊరో, ఏ కులమో, కన్నవారెవరో చెప్పలేని చిన్నపిల్లలు మిగిలారు. వారిని స్వీకరించడానికి ముందుకు వచ్చినది మిషనరీలు. కటకంలో సట్టన్ దంపతుల శరణాలయం ఆ విధంగా మెరియా బాలబాలికలకు నివాసమైంది. గంజాం సీమలో ఐజాక్ స్టబ్బిన్స్, హెన్రీ విల్కిన్సన్ మొదలైనవారి కృషితో బరంపురంలోనూ అటువంటి శరణాలయం వెలసింది.

శరణాలయము – దాని నిర్వహణ

మనసులో జాలి కలగడానికి ఒక్క క్షణం చాలును. నూరుమంది పిల్లలను పన్నెండు మాసాలు పోషించడానికి జాలి చాలదు, వ్యవస్థ కావాలి. సట్టన్ గొప్పతనం ఇక్కడ తెలుస్తుంది.

మెరియా పిల్లల భోజన భృతికై ప్రభుత్వం కొంత సొమ్ము ఇచ్చేది. అది చాలేది కాదు. పైగా యాత్రాపథంలో దొరికిన అనాథలకు, కరువు బిడ్డలకు ఆ భృతి వర్తించదు. ఇచ్చటి ఐరోపా అధికారులు, నివాసులు కొంత చందా ఇచ్చేవారు. మిగిలిన లోటు ఇంగ్లండు, అమెరికాలలోని చిన్న చిన్న సంఘాల దాతలు పూరించవలసి వచ్చేది. ఆ కాలపు మిషన్ శరణాలయాలలో ఒక పద్ధతి వాడుకలో ఉండేది. దూరదేశంలోని ఒక కుటుంబమో, ఒక ఆదివారపు బడి పిల్లలో ఒక్క అనాథ బాలుని సాలుసరి వ్యయం భరించడానికి మాట ఇచ్చేవారు. ఆ బిడ్డ క్షేమ సమాచారం వారికి లేఖల ద్వారా అందేది. మొత్తం శరణాలయానికి చందా ఇవ్వమంటే కలగని మమకారం, ఒక్క బిడ్డను గూర్చి తెలిసినప్పుడు కలుగుతుంది. నేడు ప్రపంచమంతటా వ్యాపించిన బాలపోషణ పథకాలకు మూలం ఈ పాత పద్ధతిలోనే కనబడుతుంది.

సట్టన్ శరణాలయంలో ప్రధానమైన అంశం మాతృభాషా విద్య. పిల్లలకు మొదట ఒడియాలో చదువను, వ్రాయను, లెక్కలు చేయను నేర్పేవారు. అప్పటికి ఒడియాలో అచ్చు పుస్తకాలు అత్యల్పం. బడి పెట్టినవాడు పుస్తకం కూడా తానే సృష్టించుకోవలసిన కాలమది. సట్టన్ 1831లో ఒడియా వ్యాకరణాన్ని వెలువరించారు. 1837–38 ప్రాంతంలో కటకంలో మిషన్ ముద్రణాలయం నెలకొంది. 1841 నుండి 1843 వరకు ఆయన ఒడియా నిఘంటువు మూడు సంపుటాలుగా వెలువడింది. శ్రీరాంపురంలో విలియం కేరీ తలపెట్టిన ఒడియా బైబిలును పరిష్కరించి క్రొత్త అనువాదంగా తీర్చిదిద్దిన ఘనత కూడా ఆయనదే. ఇందులో ఎంత భాగం పండితుల కోసం, ఎంత భాగం పిల్లల కోసం అని వేరు చేయనక్కరలేదు. నిఘంటువు కట్టిన చేయి, శరణాలయం పద్దు వ్రాసిన చేయి ఒక్కటే.

రెండవ అంశం వృత్తివిద్య. చదువు ముగిసిన నాడు ఆ బిడ్డకు తిరిగి వెళ్లడానికి ఇల్లు లేదు. కనుక చేతిపని నేర్పడం తప్పనిసరి. ముద్రణాలయం మగపిల్లలకు పని నేర్చుకొనే చోటయింది. ఆడపిల్లలకు చదువుతో పాటు కుట్టుపని, గృహ నిర్వహణ నేర్పేవారు. పెరిగిన పిల్లలు కొందరు సాగు చేసుకొన్నారు, కొందరు ఉపాధ్యాయులయ్యారు, కొందరు బోధకులయ్యారు. కులం చెప్పలేని, బంధువులు లేని ఆ యువతీయువకులు పరస్పరం వివాహమాడి క్రైస్తవ పల్లెలలో కాపురాలు పెట్టారు. ఆడపిల్ల పుస్తకం పట్టడమే అరుదైన ఆ రోజులలో కొండల నుండి వచ్చిన అనాథ బాలిక అక్షరాలు దిద్దడం ఎంతటి మార్పో ఊహించవచ్చు.

తెలుగువారితో అనుబంధము

గంజాం జిల్లా ఆనాడు మద్రాసు రాజధానిలోనిది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడే వరకు అట్లే ఉన్నది. బరంపురం వీథులలో తెలుగు, ఒడియా రెండూ వినబడేవి. కటకం మిషన్ తొలి ఫలితం కూడా ఒక తెలుగువాని రూపంలోనే లభించింది. ఎరన్ అనే తెలుగువానికి 1827లో బరంపురంలో బాంప్టన్ బాప్తిస్మమిచ్చారు. ఆ మిషన్‌లో మొట్టమొదట బాప్తిస్మం పొందినది ఆయనే. మొదటి ఒడియా విశ్వాసి గంగాధర్ షడంగి 1828లో చేరారు.

ఉత్తరాన ఒడియా వారి కోసం పనిచేసేవారున్నారు, దక్షిణాన విశాలమైన తెలుగుదేశానికి మనుష్యులు చాలినంతమంది లేరు అనే విషయం సట్టన్‌ను కలతపెట్టింది. 1833లో అనారోగ్యం వలన సముద్రయానం చేసిన ఆయన అమెరికా చేరారు. భార్య స్వదేశం కావడం వలన అక్కడి బాప్తిస్టులతో పరిచయం సులభమైంది. 1835లో వర్జీనియాలోని రిచ్‌మండ్ పట్టణంలో జరిగిన వారి మహాసభలో ఆయన తెలుగువారి పక్షాన విన్నపం చేశారు. ఫలితంగా శామ్యూల్ డే అనే యువకుడు తెలుగుదేశానికి నియమితుడై ఆ సంవత్సరం సెప్టెంబరులో బోస్టన్ నుండి బయలుదేరాడు. 1836లో విశాఖపట్టణం చేరి, శ్రీకాకుళంలో పనిచేసి, మద్రాసు మీదుగా 1840లో నెల్లూరు చేరాడు. ఆ నెల్లూరు మిషన్ నుండే తరువాతి కాలంలో ఒంగోలులో జాన్ క్లౌ చేసిన కృషి, 1876–78 కరువులో బకింగ్‌హాం కాలువ పనిలో వేలమందికి దొరికిన కూలి, ఆ తరువాత పల్లెపల్లెకు వ్యాపించిన పాఠశాలలు, వసతి గృహాలు ఉద్భవించాయి. కోస్తా తెలుగు జిల్లాలలో ఆ మిషన్ బడులలో చదువుకొన్న నిరుపేద కుటుంబాల పరంపరకు మూలం వెదకుతూ పోతే కటకంలోని ఒక అనాథ శరణాలయపు యజమాని విన్నపం వద్ద ఆగుతాము. 1835లోనే అమెరికా ఫ్రీవిల్ బాప్తిస్టులు పంపిన నోయిస్, ఫిలిప్స్ ఉత్తర ఒరిస్సాకు వచ్చారు. తరువాత వారి శరణాలయాలలో కూడా మెరియా బాలలు పెరిగారు.

కఠినమైన ప్రశ్న

సట్టన్ పనిని పొగడడంతో సరిపెట్టడం చరిత్రకు చేసిన న్యాయం కాదు. ఆ బిడ్డలకు అన్నంతో పాటు క్రొత్త మతం వచ్చింది, పలువురికి క్రొత్త పేరు వచ్చింది. పోషించే దాత కోరిన పేరు పెట్టడం ఆ కాలపు మిషన్లలో వాడుక. తన పేరు తాను చెప్పలేని పసివానికి ఏ పేరైనా వరమే అనేవారున్నారు. బిడ్డ నిస్సహాయతను ఆధారం చేసుకొని విశ్వాసం మార్చడం తగదనేవారున్నారు. ఆనాడే కంపెనీ అధికారులలో కొందరికి పిల్లలను మిషనరీలకు అప్పగించే విషయంలో సంకోచం ఉండేది.

సట్టన్ తన నమ్మకాన్ని దాచిపెట్టినవాడు కాడు. అక్షరాన్నీ సువార్తనూ వేరు చేసి చూడలేదు. అది ఆయన కాలపు మిషనరీ దృష్టి. స్వతంత్ర భారతం ఈ ప్రశ్నకు స్పష్టమైన సమాధానమిచ్చింది. రాజ్యాంగంలోని 28వ అధికరణం మూడవ ఉపనిబంధన ప్రకారం, రాజ్యం గుర్తించిన లేదా రాజ్యనిధుల నుండి సహాయం పొందే విద్యాసంస్థలలో, మైనరు అయితే సంరక్షకుని సమ్మతి లేకుండా, మతబోధలో పాల్గొనవలసిందని ఎవ్వరినీ నిర్బంధించరాదు. సంరక్షకుడే లేని బిడ్డ విషయంలో ఈ నియమం వెనుక ఉన్న భావాన్ని పెద్దలు మరింత జాగ్రత్తగా పాటించాలి. ఇచ్చే చేయి ఎంత ఉదారమైనదైనా, పుచ్చుకొనే చేయి పసిదని మరువరాదు.

అయితే ఒక్క విషయంలో సందేహానికి తావు లేదు. ఆ బిడ్డలకు ఆనాడు ఎదురుగా నిలిచిన దారులు చాలా లేవు. ఒకరు వెల ఇచ్చినది చంపడానికి. మరొకరు వ్యయం భరించినది చదివించడానికి. రెండు చోట్లా సొమ్ము చేతులు మారింది. మొదటి సొమ్ము బిడ్డను వస్తువుగా చేసింది. రెండవది, దాని లోపాలు ఎన్ని ఉన్నా, ఆ బిడ్డ పెరిగి తన జీవితం తాను నడుపుకొనే మనిషి అవుతాడని ఆశించింది.

తుది దినములు

సట్టన్ 1850లో ఒరిస్సాను గూర్చిన ఒక గ్రంథం ఇంగ్లీషులో ప్రకటించారు. స్వదేశానికి పోయి స్థిరపడే అవకాశం ఉన్నా కటకానికే తిరిగివచ్చారు. ఉష్ణదేశపు జ్వరాలకు, ఎడతెగని పనికి లోనైన శరీరం 1854 ఆగస్టు 17న కటకంలో విశ్రమించింది. అప్పటికి ఆయన వయస్సు ఏబది రెండేండ్లు. అందులో పెద్ద భాగం ఈ నేలపైనే గడిచింది.

ఆయన నెలకొల్పిన సంప్రదాయం ఎంత విలువైనదో ఆయన మరణించిన పన్నెండేండ్లకు తెలిసింది. 1866లో ఒరిస్సాను నా–అంక కరువు కబళించింది. బాధిత మండలాలలో మూడవ వంతు జనం, దాదాపు పది లక్షలమంది నశించారని అంచనా. గంజాం సీమ కూడా తల్లడిల్లింది. ఆ ఏడు వందలాది అనాథలు ఒక్కసారిగా మిషన్ శరణాలయాల గుమ్మాల ముందు నిలిచారు. జాన్ బక్లీ దంపతులు మొదలైనవారు వారిని చేర్చుకొన్నారు. పిల్లలను ఎట్లా లెక్కించాలో, ఎట్లా పోషించాలో, దూరదేశపు దాతలకు ఏమని వ్రాయాలో, పెరిగిన తరువాత ఏ పని నేర్పాలో తెలిసిన వ్యవస్థ అప్పటికే సిద్ధంగా ఉన్నది. విపత్తు వచ్చిన తరువాత కట్టిన శరణాలయం కాదది, విపత్తుకు ముందే కట్టినది.

నేటివారికి సందేశము

కాలం మారింది. 2002లో చేసిన రాజ్యాంగ సవరణ, 2009 నాటి విద్యాహక్కు చట్టం ఆరు నుండి పదునాలుగేండ్ల బాలబాలికలకు ఉచిత నిర్బంధ విద్యను హక్కుగా చేశాయి. మిషనరీ దయమీద ఆధారపడవలసిన నాటి స్థితి నేడు లేదు. అయినను తండ్రిని పోగొట్టుకొని ఎనిమిదవ తరగతిలో చదువు మానే బాలుడు, తల్లి వలసపోగా తమ్ముళ్ల కోసం ఇంటనే ఆగిపోయే బాలిక ప్రతి ఊరిలోనూ ఉన్నారు. మాతృభాష ఇంటిలో ఒకటి, వీథిలో మరొకటియైన సరిహద్దు సీమలలో ఈ కష్టం రెండింతలు.

చట్టం బడి తలుపు తెరుస్తుంది. ఆ బిడ్డను ఆ తలుపు దాకా చేయి పట్టుకొని తీసుకొనిరావలసినది మనుష్యులే. పూర్వ విద్యార్థి ఒక్కరు ఒక్క బిడ్డ ఏడాది పుస్తకాల వ్యయం భరిస్తే అది చిన్న పని కాదు. ఉపాధ్యాయుడు హాజరుపట్టీలో గీసిన గైర్హాజరు గుర్తు వద్ద ఒక్క క్షణం ఆగి ఆ ఇంటికి వెళ్లి చూస్తే అది చిన్న పని కాదు. తల్లిదండ్రులు తమ బిడ్డకు కొన్న పలకతో పాటు మరొక పలక కొంటే అదీ చిన్న పని కాదు. ఇచ్చినవారి పేరు బిడ్డ మోయనక్కరలేదు, బిడ్డ పేరు ఇచ్చినవారు గుర్తుంచుకొంటే చాలును.

కటకంలో నిదురించుచున్న ఆమోస్ సట్టన్ జీవితం ఈ పాఠాన్ని నేర్పుతుంది. వెలకు అమ్ముడైన పసివారి చేత పలక పట్టించిన ఆ చేతులు చిరస్మరణీయములు. వాటి కృషిని లోపాలతో సహా తెలుసుకొని, మంచిని మాత్రం కొనసాగించడమే ఆయనకు తగిన నివాళి.